పదిమంది పాదుషాల కాలంలో ఒక ఆలిం: హజ్రత్ షా వలీయుల్లాహ్ దెహ్లవీ (రహ్మతుల్లాహి అలైహ్)



జుమా ఖుత్బాలో ఏలుతున్న పాదుషా పేరు చెప్పి అతని కోసం దుఆ చేసే ఆచారం మన దేశంలో శతాబ్దాల పాటు కొనసాగింది. నాణెం మీద ఎవరి పేరు ముద్రించబడునో, మింబర్ మీద ఎవరి పేరు పలుకబడునో, రాజ్యం వారిదని లెక్క. వార్తాపత్రికలు లేని ఆ దినములలో సింహాసనం మీద మనిషి మారిన సంగతి సామాన్య ముసల్లీకి అనేకసార్లు ఖతీబు నోటినుండే తెలిసేది. ఇరవై ఏడేళ్లుగా మింబర్ ఎక్కుతున్న ఈ దాసుడు ఆ కాలపు ఖతీబులను తలచుకొన్నప్పుడల్లా జాలిపడతాడు. నిన్నటి జుమాలో ఎవరి ఆయుష్షు కోసం చేతులెత్తారో, నేటి జుమాలో వారిని చంపించినవాని ఆయుష్షు కోసం చేతులెత్తవలసి వచ్చిన రోజులవి.

అటువంటి రోజులలోనే జన్మించి, అటువంటి రోజులలోనే కన్నుమూసిన ఒక మహనీయుని గురించి ఈ వారం చెప్పుకొందాము. హజ్రత్ షా వలీయుల్లాహ్ ముహద్దిస్ దెహ్లవీ 1703 ఫిబ్రవరి 21న, నేటి ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా ఫులత్ గ్రామంలో జన్మించారు. 1762 ఆగస్టు 20న ఢిల్లీలో పరమపదించారు. హిజ్రీ లెక్కన 1114 నుండి 1176 వరకు. ఈ అరవై ఏళ్లలో ఢిల్లీ సింహాసనం మీద, స్వల్పకాలపు పోటీదారులను విడిచిపెట్టినా, పదిమంది పాదుషాలు కూర్చున్నారు. మొదటివారు ఔరంగజేబ్ ఆలంగీర్. చివరివారు రెండవ షా ఆలం. ఈ ఇద్దరి మధ్య ఉన్న ఎనమండుగురిలో రోగంతోనో, ముసలితనంతోనో పడక మీద మరణించినవారు కొందరే. గొంతు బిగించబడినవారు, కన్నులు పొడిపించబడినవారు, మోసంతో పిలిపించి చంపబడినవారు తక్కినవారు.

షా సాహెబ్ పుట్టిననాడు ఔరంగజేబ్ మన దక్కనులోనే ఉన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి కోటల చుట్టూ గుడారాలు మార్చుకొంటూ, 1707లో అహ్మద్‌నగర్ వద్ద మరణించాడు. ఖుల్దాబాదులో ఖననం చేయబడ్డాడు. అప్పటికి ఫులత్ బాలునికి నాలుగేళ్లు. తండ్రి షా అబ్దుర్రహీమ్ గారు ఢిల్లీలో మద్రసా రహీమియ్యాను నడిపిన ఆలిం; పాదుషా సంకలనం చేయించిన ఫతావా ఆలంగీరీ పనిలో కొంతకాలం పాల్గొని, దానిని విడిచిపెట్టి వచ్చిన నిరాడంబరుడు. కొడుకుచేత ఏడేళ్లకే ఖుర్ఆన్ హిఫ్జ్ చేయించారు. పద్నాలుగేళ్లకు నికాహ్ జరిపించారు. బంధువులు తొందరేమిటని అడిగినా వినలేదట.

ఆ తొందర వెనుక ఏ సూచన ఉన్నదో గాని, హిజ్రీ 1131లో, అనగా 1719 ఆరంభంలో, తండ్రి కన్నుమూశారు. మద్రసా బాధ్యత, హిజ్రీ లెక్కన పదిహేడేళ్లు నిండీ నిండని యువకుని భుజాల మీద పడింది. ఆ 1719వ సంవత్సరాన్ని ఒకసారి గమనించండి. ఫిబ్రవరి మాసాంతంలో ఫర్రుఖ్‌సియర్ పాదుషాను అతని సొంత అంతఃపురం నుండి ఈడ్చి తెచ్చారు, కన్నులు పొడిపించారు, తరువాత చంపివేశారు. అతని స్థానంలో రఫీ ఉద్దరజాత్‌ను కూర్చుండబెట్టారు. క్షయరోగి అయిన ఆ యువకుడు మూడు మాసాలు ఏలాడు. తరువాత అతని అన్న రఫీ ఉద్దౌలా. అతడూ సెప్టెంబరులోనే పోయాడు. పిమ్మట ముహమ్మద్ షా. ఒక్క ఏడాదిలో ఖుత్బాలో నాలుగు పేర్లు! ఆ ఏడాదిలోనే ఒక పదిహేడేళ్ల యువకుడు తండ్రి కూర్చున్న చాప మీద కూర్చుండి, హదీసు, ఫిఖ్హ్ పాఠాలు ప్రారంభించాడు. పన్నెండేళ్లు ఆ చాపను వదలలేదు.

అటు పిమ్మట హజ్‌కు వెళ్లారు. పద్నాలుగు మాసాల వరకు హరమైన్‌లో ఉండి, మదీనాలో షేఖ్ అబూ తాహిర్ కుర్దీ గారి వద్ద హదీసు ఇజాజత్ పొందారు. ఢిల్లీ చెడిపోతున్నదన్న సంగతి అప్పటికే రహస్యం కాదు. ముహమ్మద్ షా కొలువులో విలాసం పెరిగింది, మరాఠా అశ్విక దళం ఉత్తరానికి వ్యాపిస్తున్నది, సుబేదార్లు తమ సుబాలలో తామే పాదుషాలవుతున్నారు. మన హైదరాబాదు సంగతి కూడ అదే. నిజాముల్ముల్క్ ఆసఫ్‌జాహ్ 1724లో షకర్‌ఖేడా యుద్ధం గెలిచి దక్కనును తన చేతిలోనికి తీసుకొన్నారు; ఖుత్బాలో మాత్రం పాదుషా పేరే చదివించారు. మక్కాలోనో మదీనాలోనో ఉండిపోయి ఉంటే షా సాహెబ్‌ను ఎవరూ తప్పుపట్టేవారు కారు. 1732 చివరికి ఆయన ఢిల్లీకే తిరిగి వచ్చారు.

తిరిగివచ్చి చేసిన పనులలో ఒకదాని మీద నేను నిలబడదలచినాను. అది ఖుర్ఆన్‌ను ఫార్సీలోనికి అనువదించడం. దాని పేరు ఫత్హుర్రహ్మాన్. ఇది ఫార్సీలో మొట్టమొదటి అనువాదమని కొందరు ప్రసంగాలలో చెప్పుచుంటారు, అది సరికాదు. మధ్య ఆసియాలో సామానీల కాలం నుండే ఫార్సీ అనువాదాలున్నాయి. మన దేశంలోనూ ఖాజీ షిహాబుద్దీన్ దౌలతాబాదీ గారి ఫార్సీ తఫ్సీర్ అంతకు మూడు వందల ఏళ్ల పూర్వమే ఉన్నది. షా సాహెబ్ పనిలోని కొత్తదనం వేరు. ఎవరి కోసం వ్రాస్తున్నారో పీఠికలో స్పష్టంగా చెప్పారు. సిపాయిల బిడ్డలు, చేతిపనులవారి బిడ్డలు అరబీ విద్యలన్నీ పూర్తిచేస్తారన్న ఆశ లేదు. కనుక వారికి ఊహ తెలిసిన తొలినాళ్లలోనే ఈ అనువాదం చెప్పించాలి, వారి మనస్సులలో మొదట ప్రవేశించేది అల్లాహ్ వాక్కు అర్థం కావాలి అన్నది దాని సారాంశం.

సోదరులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గొప్ప ఆలింలు గొప్ప ఆలింల కోసం గ్రంథాలు వ్రాసే రోజులవి. ఆయన కూడ అట్టి గ్రంథాలు వ్రాశారు; హుజ్జతుల్లాహిల్ బాలిగా ఈనాటికీ పండితులకు గట్టి పరీక్షే. కాని ఈ ఒక్క పుస్తకాన్ని గుర్రం కాసేవాని కొడుకును, బట్ట నేసేవాని కొడుకును ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాశారు. ఇది పండితులందరికీ రుచించలేదు. ఫతేపురీ మసీదు వద్ద ఆయన మీద దాడికి గుంపు చేరిందని, చేతికర్ర పట్టుకొని తక్బీర్ పలుకుతూ ఆయన బయటపడ్డారని ఉలమా నోట ఒక కథ తిరుగుతూ ఉంటుంది. మా ఉస్తాదులు దానిని ఉత్సాహంగా చెప్పేవారు. నేను దాని మీద భారం వేయను. చదివినవాడు ఒకడు, విన్నవారు వేలమంది అయినప్పుడు కథలు పెరుగుతాయి. ఆక్షేపణ ఏ రూపంలో ఉంటుందో మాత్రం నాకు స్వానుభవం ఉన్నది, దానిని తరువాత చెప్తాను.

అనువాదం హిజ్రీ 1151లో పూర్తయింది. అదే 1151వ సంవత్సరం చివరి మాసంలో, జుల్‌హిజ్జాలో, నాదిర్ షా ఢిల్లీలో అడుగుపెట్టాడు.

అంతకు ముందే, 1739 ఫిబ్రవరి 24న, కర్నాల్ వద్ద మొగలు సైన్యం కొన్ని గంటలలో కూలిపోయింది. మన ఆసఫ్‌జాహ్ కూడ ఆ రణరంగంలో ఉన్నారు. పరిహారం సంగతి నాదిర్‌తో మాట్లాడినవారిలో వారొకరు. మార్చి 21న ఈదుల్ అద్హా. ఆ దినాన ఢిల్లీలో ఖుత్బా నాదిర్ షా పేరుమీద చదువబడినది. ఆ రాత్రే నాదిర్ మరణించాడన్న వదంతి పుట్టింది; జనం కొందరు అతని సైనికులను చంపారు. మరునాడు అతడు చాందినీ చౌక్‌లోని రౌషనుద్దౌలా మసీదులో కూర్చుండి కత్తి దూసి ఆజ్ఞ ఇచ్చాడు. మసీదులో కూర్చుండి! ఉదయం మొదలైన ఊచకోత మధ్యాహ్నం దాటేవరకు సాగింది. మృతులు 20,000 నుండి 30,000 వరకు అని చరిత్రకారుల అంచనా. చంపినవారూ కలిమా చదివినవారే. చచ్చినవారిలో కలిమా చదివినవారూ ఉన్నారు, హిందూ సోదరులూ ఉన్నారు. పిదప నెమలి సింహాసనం, కోహినూరు, ఖజానా అంతా పశ్చిమానికి తరలిపోయాయి.

ఆ రోజులలో షా సాహెబ్ ఏమి చేశారు? ఆయన కుమారుడు షా అబ్దుల్ అజీజ్ గారి సంభాషణల సంకలనంలో ఒక సంగతి ఉన్నది. నగరంలోని మర్యాదస్తుల కుటుంబాలు అవమానం భరించలేక, ఇంటిల్లిపాదీ నిప్పులో పడి ప్రాణాలు తీసుకోవాలన్న ఆలోచనకు వచ్చాయట. షా సాహెబ్ వారికి కర్బలా కథ చెప్పారు. ఇమామ్ హుసైన్ (రజి) మీద అంతకంటె గొప్ప కష్టం వచ్చినది, నీరు లేదు, బిడ్డలు కన్నుల ఎదుట పోయారు, అయినా ఆయన తన ప్రాణం తాను తీసుకోలేదు అని నచ్చజెప్పి, వారిని వారించారు. హుజ్జతుల్లాహిల్ బాలిగా వ్రాసిన కలం అది. ఆ దినాన కలం ప్రక్కన పెట్టి, ఇంటింటి దుఃఖం ముందు కూర్చుండి, అందరికీ తెలిసిన ఒక పాత కథనే చెప్పవలసి వచ్చింది. మన మసీదులలో జనాజా తరువాత ఏమి మాట్లాడాలో తెలియక గొంతు సవరించుకొనే ఇమాములందరూ ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి. నేనూ వారిలో ఒకడినే.

రాజ్యం ఎందుకు చెడుతున్నదో ఆయనకు తెలియక కాదు. హుజ్జతుల్లాహ్‌లో నగరాల వినాశనానికి కారణాలు చెప్తూ రెండింటిని ఎత్తిచూపారు. పని చేయకుండా ఖజానా మీద బ్రతికే జనం పెరగడం ఒకటి; ఆ జనాన్ని పోషించడానికి రైతు మీద, వర్తకుని మీద, చేతిపనివాని మీద మోయలేని పన్ను మోపడం రెండవది. లొంగినవాడు చితికిపోతాడు, లొంగనివాడు తిరగబడతాడు. రెండు వందల ఎనభై ఏళ్ల నాటి మాట ఇది. జాగీరు, మన్‌సబు, దర్బారు అనే పదాలు తీసివేసి చదివితే ఏ దేశానికైనా సరిపోతుంది.

1748లో ముహమ్మద్ షా మరణించాడు. అదే ఏడాది ఆసఫ్‌జాహ్ కూడ. అతని తరువాతి పాదుషా అహ్మద్ షాను 1754లో గద్దె దింపి కన్నులు పొడిపించినవాడు ఇమాదుల్ముల్క్. ఇతడు స్వయంగా మన ఆసఫ్‌జాహ్ మనుమడు. 1759లో రెండవ ఆలంగీర్‌ను ఫిరోజ్ షా కోట్లాలో చంపించినదీ ఇతడే. నా వయస్సు ఇప్పుడు 56. ఆ ఏడాది షా సాహెబ్ వయస్సూ అంతే. ఈడు దాటని బిడ్డలు చుట్టూ ఉండగా, నగరం ఈ విధంగా ఉండగా, ప్రతి ఉదయం పాఠం చెప్పడం అంటే ఏమిటో నేను కొంత ఊహించగలను.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి దాటవేయకుండా చెప్పాలి. షా సాహెబ్ పేరుతో ప్రచురితమైన లేఖలు ఉన్నాయి. అమీరులకు, నజీబుద్దౌలాకు, అహ్మద్ షా అబ్దాలీకి. వచ్చి మరాఠాల, జాట్‌ల బలాన్ని అణచమని కోరిన లేఖలు వాటిలో ఉన్నాయి. మద్రసాలో మేము వీటిని గర్వంగా విన్నాము. చరిత్రకారులు ఈ లేఖలను ఒకే విధంగా చదవరు. ఒకరికి దూరదృష్టి, మరొకరికి దోషం. నాకు తోచినది చెప్తాను. 1757లో అబ్దాలీ వచ్చి ఢిల్లీని దోచాడు. సైన్యం ఢిల్లీ ప్రజల ధనమానాల జోలికి రాకుండా చూడమని నజీబుద్దౌలాకు వ్రాయవలసి వచ్చిందంటేనే, పిలువబడిన సహాయం ఎటువంటిదో మనకు తెలియాలి. 1761 జనవరి 14న పానిపట్టులో అబ్దాలీ గెలిచాడు. దానిని హిందూ ముస్లిముల యుద్ధంగా చెప్పేవారు మరాఠాల ఫిరంగులను నడిపిన ఇబ్రాహీం ఖాన్ గార్దీని మరచిపోతారు. అతడు అంతకు పూర్వం నిజాం సైన్యంలో పనిచేసి వెళ్లినవాడు. గెలిచిన అబ్దాలీ రెండు మాసాలలో వెనుదిరిగి పోయాడు. ఢిల్లీకి దక్కినది ఏమీ లేదు.

ఢిల్లీ అంతా వాయవ్య కనుమల వైపు చూస్తుండగా, సముద్రం వైపునుండి వేరొకరు వచ్చారు. అబ్దాలీ ఢిల్లీని దోచిన 1757లోనే ప్లాసీ. 1759 ఏప్రిల్‌లో మన మచిలీపట్నం కోట ఫ్రెంచివారి నుండి ఆంగ్లేయుల చేతికి పోయింది. మరుసటి మాసమే సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని వారికి వ్రాసి ఇచ్చాడు. 1762లో షా సాహెబ్ కన్నుమూసిననాడు ఖుత్బాలో వినిపించిన పేరు రెండవ షా ఆలంది. ఆ పాదుషా అప్పుడు ఢిల్లీలోనే లేడు. తూర్పు దేశంలో తలదాచుకొని ఉన్నాడు. పది సంవత్సరాల తరువాత గాని రాజధాని చూడలేదు.

రాజులకు వ్రాసిన ఉత్తరాలు ఆ విధంగా ముగిశాయి. సిపాయి బిడ్డ కోసం వ్రాసిన పుస్తకం మాత్రం ఆగలేదు. ఆయన కుమారుడు షా అబ్దుల్ ఖాదిర్ గారు హిజ్రీ 1205లో, అనగా 1790లో, ఖుర్ఆన్‌ను సులభమైన ఉర్దూలో ముగించారు. దాని పేరు మూజిహుల్ ఖుర్ఆన్. మరొక కుమారుడు షా రఫీఉద్దీన్ గారు మాటకు మాటగా ఉర్దూ చేశారు. తండ్రి ఫార్సీలో వ్రాసిన కారణమే కొడుకులను ఫార్సీ విడువజేసింది; బజారులో ఫార్సీ తగ్గింది, ఉర్దూ పెరిగింది.

ఇప్పుడు నా స్వానుభవం. పదకొండేళ్ల క్రితం, కోస్తాలో నేను ఇమామత్ చేస్తున్న ఒక ఊరిలో, ఖుత్బాకు ముందు చేసే బయాన్‌ను తెలుగులో ప్రారంభించాను. ఖుత్బా అరబీలోనే, దాని జోలికి నేను పోలేదు. మూడవ వారానికి కొందరు పెద్దలు నా గదికి వచ్చారు. ఉర్దూ మన దీన్ భాష, తెలుగులో చెప్తే మసీదు గౌరవం పోతుందన్నారు. నేను వారితో వాదించలేదు. అంతకంటె హీనమైన పని చేశాను. మరుసటి జుమా నుండి మౌనంగా ఉర్దూకు తిరిగిపోయాను. నెల జీతం వారి చేతిలో ఉన్నదన్న సంగతి నా మనస్సులో లేదని చెప్తే అది అబద్ధం అవుతుంది.

రెండు నెలలు గడిచాక, దూది ఏకే వృత్తిలో జీవితం గడిపిన ఒక నూర్‌బాషా పెద్దాయన అస్ర్ తరువాత నా ప్రక్కన కూర్చున్నారు. "ఇమాం సాబుగారూ, నలభై ఏళ్లుగా జుమాకి వస్తున్నాను. ఆ మూడు వారాలే నాకు ఇంటికి తీసుకెళ్లడానికి ఏదో దొరికింది. మిగతా అంతా ఆమీన్ అన్నానయ్యా, దేనికన్నానో తెలియదు" అన్నారు. కోపంతో అనలేదు. చెప్పులు వేసుకొని వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు 1790 జ్ఞాపకం వచ్చింది. మన పెద్దలు దీన్ భాషగా కాపాడుతున్న ఉర్దూ, షా అబ్దుల్ ఖాదిర్ గారి కాలంలో ఆలిం గ్రంథం వ్రాసే భాష కాదు. సంత భాష, ఇంటి భాష. ఆయన దానిలో ఖుర్ఆన్ చెప్పినందువల్లనే అది ఈనాడు దీన్ భాష అయింది. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషతోనే పంపిన సంగతిని సూరె ఇబ్రాహీమ్ మనకు తెలుపుతున్నది. దానిని నేను ముప్పై ఏళ్లుగా ఉర్దూలో బోధిస్తున్నాను, తెలుగు మాత్రమే తెలిసినవారికి. మరొక సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నది. ఖుర్ఆన్‌ను తెలుగులోనికి తేవడానికి పూనుకొన్న తొలివారిలో ఒకరు చిలుకూరి నారాయణరావు గారు, ముస్లిమేతరుడైన పండితుడు. మనం మసీదు గౌరవం గురించి చర్చించుకొంటున్నాము.

పెద్దలతో మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఫత్హుర్రహ్మాన్ పీఠిక తీసుకువెళ్లి చదివి అర్థం చెప్పాను. ఇద్దరు ఒప్పుకొన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఆయన ఈనాటికీ ఒప్పుకోలేదు, అయినా సలాం మానలేదు. నెలకు రెండు జుమాలు తెలుగు, రెండు ఉర్దూ అని కుదిరింది. ఆ తెలుగు బయాన్లను వ్రాసిపెట్టుకొన్న కాగితాల నుండే ఈ పుస్తకాల వరుస మొదలైంది. నూర్‌బాషా పెద్దాయన మొదటి పుస్తకం వచ్చేనాటికి లేరు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

షా సాహెబ్ సమాధి ఢిల్లీలో మెహందియాన్ ఖబరస్తాన్‌లో ఉన్నది. తండ్రి, కుమారులు ప్రక్కప్రక్కనే ఉన్నారు. అటు వెళ్లినవారు ఫాతిహా చదివి రండి. వచ్చే జుమా తెలుగు బయాన్ సూరె అస్ర్ మీద. ఇంట్లో బిడ్డలచేత దాని తెలుగు అర్థం ఒకసారి బిగ్గరగా చదివించి, అర్థం కాని మాట ఏదైనా ఉంటే కాగితం మీద వ్రాసుకొని తీసుకురండి.